నమూనా గుడ్డ, తాను గుడ్డ

సచిన్ పారిశ్రామికవాడలో మరమగ్గాల దగ్గర షిఫ్టు దిగిన శ్రోతలకు నమూనా గుడ్డకూ తానులో వచ్చే గుడ్డకూ తేడా తెలుసు. పోలండ్‌లో తయారైన ‘సైబర్‌పంక్ 2077’ వీడియో ఆటదీ అదే కథ. 2018 నమూనాలో ప్రధాన పాత్ర చేతికత్తులు గుచ్చి గోడకు అతుక్కుంది. 2020 డిసెంబర్‌లో ఆట వచ్చేసరికి ఆ విద్య మాయం. అందుకే 2022లో ప్రకటించిన తరువాయి ఆటలో పాత్రకు ఏయే శక్తులు చేరతాయోనని ఇప్పుడే లెక్కలు కట్టడం తొందరపాటని నా వాదన.

ఊహించుకోవడంలోనే సగం సరదా అంటారు అభిమానులు, కాదనను. 2023 సెప్టెంబర్‌లో మొదటి ఆటకు వచ్చిన 2.0 మార్పు నైపుణ్యాల అమరికను తిరగరాసిందనీ గుర్తుచేస్తారు. రక్షణ బలాన్ని బట్టల నుంచి తీసి ఒంట్లో అమర్చుకునే యంత్రాలకు ఇచ్చింది (నేతగాళ్లకు ఇది కాస్త చివుక్కుమనే మాటే!). అయితే ఆ మార్పు వచ్చింది జనం దాదాపు మూడేళ్లు ఆడి, లోపాలు చెప్పాక.