రాక్షసగుళ్లు



మన డెల్టాలో పొలము దున్నునపుడు నాగలికి రాయి తగులుట అరుదు. ఇది కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రునేల. నది వెంట ఎగువకు పోయినచో రాతినేల వచ్చును. అచ్చట అక్కడక్కడ గుండ్రముగా నిలిపిన పెద్దబండలును, వాని నడుమ రాళ్లకుప్పయు కనబడును. పలుచోట్ల జనులు వానిని రాక్షసగుళ్లందురు. అంతటి బండలను మనుష్యులెత్తగలరా యని వారి యాశ్చర్యము.

అవి మనుష్యుల సమాధులే. సుమారు మూడువేల యేండ్ల క్రిందటి నుండి క్రీస్తుశకారంభము వరకు, ఇనుము వాడుకలో నున్న కాలమున, దక్షిణదేశమున ఈ యాచారము సాగినది. గొయ్యి త్రవ్వి, కొన్నియెడల నలువైపుల రాతిపలకలు నిలిపి, అస్థికలతోపాటు కుండలను, ఇనుప పనిముట్లను ఉంచెడివారు. ఆ కుండలలో పెక్కింటికి లోపలయు అంచునను నలుపు, వెలుపల ఎరుపు. పిదప పైన రాళ్లు పేర్చెడివారు. పెక్కుచోట్ల పూర్తిశరీరము గాక, తరువాత ఏరి తెచ్చిన యెముకలే యుంచిరి. ఆ బండల నెత్తుట ఒక్క కుటుంబమునకు సాధ్యము కాదు. పదిమంది చేయి కలిపియుండవలెను.

నాగార్జునకొండ లోయలో 1926లో సూరపరాజు వేంకటరామయ్యగారను ఉపాధ్యాయులొక ప్రాచీనస్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపిరి. అచ్చటి బౌద్ధస్తూపముల నందరు నెరుగుదురు. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యవమున జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకులకు ముందటి ఈ సమాధులును వెలువడినవి. 1955లో సాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. లోయ మునిగినది. కొన్ని కట్టడములను, వానితో నొక సమాధిని, కొండపైకి చేర్చి తిరిగి నిలిపిరి. ఆ కొండ నేడు ద్వీపము.

ఆ లోయను ముంచిన నీరే ప్రకాశం బ్యారేజికి దిగివచ్చి మన వరిని పండించుచున్నది. ఆనకట్ట కట్టుట తప్పని నేననను. అన్నము తినుచున్న మనకు ఋణమున్నదని మాత్రమే నా మనవి. మునుగునని తెలిసిన చోట త్రవ్వి, కొలిచి, వ్రాసికొంటిమి. మునుగని మెట్టలలో ఇట్టి రాళ్లు కంకరకును, పొలము చదునుకును పోయినచో వాని వ్రాత యెక్కడ? మన బాటల కంకర కొండల నుండి వచ్చునదే గదా!

పుస్తకము చినిగినచో మఱియొక ప్రతి దొరకవచ్చును. ఈ రాళ్లకుప్పకు రెండవ ప్రతి లేదు. కావున ఈ రజతోత్సవవేళ మన గ్రంథాలయమున ఒక నోటుపుస్తకము పెట్టుడు. మెట్టకు చుట్టపుచూపుగా పోయినవారు ఇట్టివి కనబడినచో, కదల్పక, ఊరిపేరును, గుర్తులను అందు వ్రాయుదురు గాక. పురావస్తుశాఖకు మనమే తెలుపుదము. నాడొక ఉపాధ్యాయులు చేసిన పని మనకు సాధ్యము కాకపోదు.