పోర్టల్ పేరు ఆశ

(ప్రసంగ పాఠం)

 

‘ఉమీద్’ అనే ఉర్దూ మాటకు ఆశ అని అర్థం. వక్ఫ్ ఆస్తుల నమోదుకు కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 6న ప్రారంభించిన పోర్టల్ పేరు కూడా అదే. కొన్ని ఆంగ్ల పదాల మొదటి అక్షరాలను ఓపికగా పేర్చి, వాటిలో నుంచి ఒక ఉర్దూ మాటను వెలికితీశారు. ఉర్దూ ఉపాధ్యాయుల నియామకానికి దొరకని శ్రద్ధ ఈ నామకరణానికైనా దొరికినందుకు సంతోషించవలసిందే.

మేము పోర్టల్‌కు వ్యతిరేకులం కాము. వక్ఫ్ అంటే దైవమార్గంలో అప్పగించిన అమానతు. దాని లెక్క పదిమందికీ కనబడాలని కోరుకోవలసినవారిలో మొదటివారం మనమే. కంప్యూటరు రాకముందే కితాబుల్ ఔఖాఫ్ అనే రిజిస్టరులో ఒక్కొక్క మసీదు, ఒక్కొక్క దర్గా, ఒక్కొక్క ఖబరస్తాన్ వివరాలు రాసి పెట్టుకున్నవాళ్లం. మా ప్రశ్న వేరు. ఈ లెక్క చెప్పవలసింది ఎవరు, అడిగే అధికారం ఎవరిది, అడిగినవారు తమ లెక్క ఎవరికి చెబుతారు?

2025 సవరణ చట్టం కోరిన వివరాలను ఒకసారి చూడండి. ఆస్తి హద్దులు, వినియోగం, ఎవరి స్వాధీనంలో ఉన్నది, ముతవల్లీ ఎవరు, ఏడాది ఆదాయమెంత. ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. తరువాత వస్తుంది అసలైనది: వక్ఫ్ చేసిన వ్యక్తి పేరు, చిరునామా, ఎప్పుడు, ఏ విధంగా వక్ఫ్ చేశారు? రెండు వందల ఏళ్ల నాటి ఖబరస్తాన్‌కు స్థలమిచ్చిన పుణ్యాత్ముని చిరునామా రాయడం నిజానికి కష్టమేమీ కాదు. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నారు. కాకపోతే ఇంటి నంబరు లేదు, ఓటీపీ పంపడానికి ఫోను లేదు.

నమోదు చేసే పద్ధతికి మూడు మెట్లు పెట్టారు. వివరాలు ఎక్కించేవారు మేకర్, సరిచూసేవారు చెకర్, చివర ఆమోదించేవారు అప్రూవర్. మొదటి మెట్టు మీద ముతవల్లీ నిలబడతాడు. గ్రామాల్లో అతడు చాలాసార్లు తెల్లవారి ఫజర్ అజాన్ ఇచ్చి, పగలు సైకిలు దుకాణం నడిపే మనిషి. అతనికి గడువు ఆరు నెలలు. గడువు పెంచమని సుప్రీంకోర్టుకు వెళితే, 2025 డిసెంబరు 1న న్యాయస్థానం ఆ పని తాను చేయనని, చట్టం చెప్పినట్లు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలని చెప్పింది. డిసెంబరు 6న ఎక్కింపు ఆగిపోయేనాటికి కేంద్రం ప్రకటించిన లెక్క ఇది: నమోదు మొదలైన ఆస్తులు 5,17,040, ఆమోదం పొందినవి 2,16,905. పరిశీలన కోసం ఆనాటికి ఇంకా రెండు లక్షలకు పైగా నిలిచి ఉండేవి. ముతవల్లీకి గడియారం చూపించినవారు, సరిచూసే అధికారికి కూడా ఒక గడియారం చూపించి ఉంటే బాగుండేది.

హైదరాబాదు వారికి మరో సంగతి గుర్తుండే ఉంటుంది. 2017 నవంబరులో నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు రికార్డుల గదికి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సీలు వేసింది. రికార్డులు తారుమారు కాకుండా కాపాడటానికేనన్నారు. కాపాడటం ఎంత గట్టిగా జరిగిందంటే, ఏళ్ల తరబడి కోర్టు కేసులకు కాగితం కావలసిన బోర్డుకే అవి అందకుండా పోయాయి. తాళం వేసింది రాష్ట్రం, పత్రం అడిగింది కేంద్రం. మధ్యలో నిలబడినవాడు ముతవల్లీ. అతడు ఎవరిని నమ్మాలి?

ఇక అంకెల సంగతి. 2006లో సచార్ కమిటీ నివేదిక నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలకు పైగా ఉన్నాయని, విస్తీర్ణం సుమారు 6 లక్షల ఎకరాలని చెప్పింది. 2024లో కేంద్ర ప్రభుత్వ ప్రకటనల్లో అది 9.4 లక్షల ఎకరాలు. 2025 ఏప్రిల్ 2న లోక్‌సభలో హోంమంత్రి చెప్పిన లెక్క ప్రకారం 39 లక్షల ఎకరాలు. అందులో 21 లక్షల ఎకరాలు 2013 తరువాతనే పెరిగాయట. వరి కూడా ఇంత వేగంగా పెరగదు. ఏడాది తిరగకుండా భూమి నాలుగు రెట్లయితే, దానికి రెండే కారణాలుండాలి: దాతలు వరుస కట్టి ఉండాలి, లేదా పట్టిక తప్పై ఉండాలి. ఎకరాలు, గుంటలు, గజాలు, బీఘాలు ఒకే గడిలో పడితే కూడిక ఏమవుతుందో మీలో లెక్కలు రాసేవారికి మేము చెప్పనక్కరలేదు. ఆ పట్టిక ముతవల్లీ ఇంట్లో లేదు. ప్రభుత్వ సర్వరులోనే ఉంది. దానిని సరిచూడటానికి చెకర్‌ను ఎందుకు పెట్టలేదు?

ఆ 39 లక్షలు మాత్రం ఆగలేదు. ‘వక్ఫ్ బోర్డు వేలు చూపితే చాలు, మీ ఇల్లు వాళ్లదవుతుంది’ అనే సందేశంతో కలిసి ప్రతి ఫోనులోకీ వెళ్లింది. వాట్సాప్‌లోనూ మేకర్ ఉంటాడు. చెకర్ ఉండడు. అప్రూవర్లు లక్షల్లో ఉంటారు. మన పక్కింటి మనిషి, మన పండుగకు సేమ్యా తిన్న మనిషి, ఆ సందేశం చదివి మనవైపు కొంచెం తేడాగా చూస్తే ఆయనను తప్పుపట్టి లాభం లేదు. ఆయన చేతికి అందిన లెక్క అదొక్కటే. రెండో లెక్క మనం అందించలేదు.

వేలు చూపితే భూమి వచ్చేస్తుందనేవారిని మణికొండకు తీసుకువెళ్లాలి. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాల పైచిలుకు భూమి ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 7న తీర్పు ఇచ్చింది. బోర్డు 2006లో వేసిన సవరణ గెజిట్ నిలవలేదు. తీర్పు మీద ఇక్కడ వాదించబోము. ఒక్కటి గమనించండి: కేసు నడిచినన్నాళ్లూ ఆ నేల మీద ఐటీ భవనాలు లేచాయి. ఆలస్యంగా సవరించుకున్న రికార్డు ఎంత బలహీనమో దానికంటే పెద్ద ఉదాహరణ మన రాష్ట్రంలో లేదు.

పోర్టల్ బాధ మనకొక్కరికే వచ్చిందని అనుకోవడం కూడా పొరపాటు. 2020 అక్టోబరులో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమే లేదు. తరతరాలుగా దున్నుకుంటున్న రైతు తెర మీద కనబడలేదు. హిందువైనా ముస్లిమైనా తహశీల్దారు కార్యాలయం ముందు ఒకే చెట్టు కింద కూర్చున్నారు. 2025 ఏప్రిల్‌లో భూ భారతి వచ్చింది. ఆ రైతులకు మన మాట చెబితే వెంటనే అర్థమవుతుంది. వాడుక ద్వారా వక్ఫ్ అనే భావనను ముందుకాలానికి తొలగించిన చట్టం, అనుభవదారు కాలాన్ని తొలగించిన పోర్టల్, రెండూ దగ్గరి చుట్టాలే. కాగితం లేని అనుభవానికి విలువ లేదని రెండూ అంటున్నాయి. వక్ఫ్ సభలకు మనవాళ్లను మాత్రమే పిలుచుకునే అలవాటు ఇకనైనా మానుకోవాలి.

ఇక ఇంటి సంగతి. దుకాణం అద్దె యాభై రూపాయలని రాసి, అయిదు వేలు వసూలు చేసే ముతవల్లీలు మన ఊళ్లలో లేరా? వారికి ఏ పోర్టల్ అంటేనైనా భయమే, కానీ ఆ భయం మనది కాదు. శుక్రవారం నమాజు తరువాత మసీదు గోడ మీద ఆదాయ వ్యయాలు అంటించే కమిటీ, ప్రభుత్వాన్ని నిలదీసేటప్పుడు తడబడదు. ప్రభుత్వ శాఖల ఆక్రమణలో వక్ఫ్ భూములున్నాయని సచార్ నివేదికే చెప్పింది. ఆ శాఖలు కూడా స్వాధీనం వివరాలు ఇదే పోర్టల్‌లో, ఇదే గడువులో ఎక్కించాలని సమాచార హక్కు దరఖాస్తులతో అడగండి. ప్రతి జిల్లా నుంచి అడగండి.

తిరస్కరణకు గురైన నమోదులకు కారణం రాతపూర్వకంగా తీసుకోండి. తెర మీద కనబడిన ప్రతి దశనూ తేదీతో ముద్రించి దాచండి. పక్క గదిలో ఫారసీ, పాత ఉర్దూ చదవగల ఇద్దరు పెద్దలు అసర్ నమాజు వరకు కూర్చుంటారు. ముంతఖబ్ అయినా, పాత పహాణీ అయినా, గెజిట్ చిరిగిన పుట అయినా ఫరవాలేదు, తీసుకువెళ్లి చూపించండి. నకలు మాత్రమే ఇవ్వండి. అసలు కాగితం ఎవరు అడిగినా, చివరికి మేము అడిగినా, చేతికివ్వకండి.