మంటలార్పే బండి వెనక మనవాళ్లు

(ఏప్రిల్ 14 సాయంత్రం మా పేటలో అంబేడ్కర్ విగ్రహం దగ్గర జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ బాబాసాహెబ్ జయంతి. మన పేటకు ఫర్లాంగు దూరంలో ఉన్న ఫైరాఫీసులో కూడా పొద్దున ఒక సభ జరిగింది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతటా అగ్నిమాపక వారోత్సవం జరుపుతారు. జెండా ఎగరేస్తారు, చనిపోయిన ఫైర్‌మన్లకు మౌనం పాటిస్తారు, పిల్లలకు గ్యాస్ సిలిండరు మంట ఆర్పడం చూపిస్తారు. అదంతా మంచి పనే, మేము కాదనం. మా బడి పిల్లల్ని మేమే వెంటబెట్టుకుని వెళ్లాం.

ఆ ఆవరణ తెల్లారక ముందే ఊడ్చి, కుర్చీలు తుడిచి, కక్కసులు కడిగిన అక్క ఒకామె ఉంది. సభ అయ్యాక విస్తళ్లూ గ్లాసులూ ఎత్తిపోసింది కూడా ఆమే. ఆ పని తెమలక మన ఊరేగింపుకి రాలేకపోయింది, సభకు ఇప్పుడే వచ్చి కూర్చుంది. పేరు చెబితే రేపు కాంట్రాక్టరు గేటు దగ్గరే ఆపేస్తాడు. అందుకని చెప్పం. మీకందరికీ తెలుసు.

ఆ సభా, ఈ సభా ఒకే రోజున ఎందుకొచ్చాయి? 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుంది. ఓడలో పత్తి బేళ్లున్నాయి, సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రీ ఉంది. యుద్ధం రోజులు. మంటలార్పడానికి ఎక్కిన ఫైర్‌మన్లు ఎక్కినట్టే ఉండగా సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలింది. అరగంటకు మళ్లీ పేలింది. 66 మంది ఫైర్‌మన్లు పోయారు. వాళ్ల కోసమే ఈ రోజు. ఆనాటికి బాబాసాహెబ్‌కు సరిగ్గా 53 ఏళ్లు నిండాయి. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నది ఆయనే.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఫైర్‌మన్ల లెక్క మనకు తెలుసు, 66. మొత్తం ఎంతమంది పోయారంటే మాత్రం ఎనిమిది వందలని కొందరు, పదమూడు వందలని కొందరు రాస్తారు. ఇంత తేడా ఎందుకొచ్చింది? ఉద్యోగికి రిజిస్టరు ఉంటుంది. బస్తా మోసే కూలీకి, ఓడ కడిగేవాడికి, గోదాము ఊడ్చేవాడికి రిజిస్టరు ఉండదు. రిజిస్టరు లేనివాడి చావుని అంచనా వేస్తారు గాని లెక్కపెట్టరు. మన మాటంతా ఈ రిజిస్టరు గురించే.

బండి ఎలా కదులుతుంది?

గంట మోగుతుంది. ఎర్ర బండి రోడ్డెక్కుతుంది. జనం పక్కకి తప్పుకుంటారు. మనం చూసేది అంతవరకే. దాని వెనక ఎన్ని చేతులు పనిచేస్తే ఆ బండి కదులుతుందో చూద్దాం.

101కి ఫోనొస్తే వాచ్ రూములో ఒకడు ఎత్తాలి. అవతల మనిషి ఏడుస్తుంటాడు, కేకలేస్తుంటాడు. ఏ వీధి, ఏ గుర్తు, లోపల మనుషులున్నారా అని అడిగి, టైముతో సహా పుస్తకంలో రాయాలి. ఒక్క వీధి పేరు తప్పు వింటే బండి ఇంకో పేటకి పోతుంది. ఇక పెద్ద బండి ట్యాంకులో పట్టేది మామూలుగా 4,500 లీటర్లు. రెండు గొట్టాలు పూర్తిగా వదిలితే పది నిమిషాలు కూడా రావు. అంటే వెనకాల నీళ్ల ట్యాంకరు డ్రైవరు ఉండాలి, ఏ వాల్వు ఎక్కడుందో తెలిసిన నీటి సరఫరా లైన్‌మన్ ఉండాలి. ఏళ్ల తరబడి రోడ్డు మీద రోడ్డు వేసి హైడ్రెంటు మూతల్ని పూడ్చేసిన ఊళ్లో ఆ లైన్‌మన్ బుర్రే మ్యాపు.

మంట ఆరాక బండి తిరిగొస్తుంది. ఫోటోలు అయిపోయాయి. గొట్టాలు మసితో, బురదతో ఉంటాయి. వాటిని పరిచి, తోమి, కడిగి, ఎత్తున వేలాడదీసి ఆరబెట్టాలి. గుడ్డ గొట్టం తడిగా చుట్టిపెడితే బూజు పట్టి చివికిపోతుంది, మళ్లీసారి పంపు ఒత్తిడికి మంట ముందే పగులుతుంది. పంపు విప్పి చూసే ఫిట్టరు, బ్యాటరీ చూసే ఎలక్ట్రీషియను, రాత్రి మూడింటికి తిరిగొచ్చిన వాళ్లకి టీ కాచే మనిషి, షెడ్డు కడిగే మనిషి, వీళ్లలో ఒక్కరు పని మానినా రేపటి గంటకు బండి సగం బండే.

ఇంకో మాట. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ, మంటలార్పే వృత్తి మనిషికి క్యాన్సరు తెస్తుందని తేల్చి మొదటి వర్గంలో పెట్టింది. డీజిలు పొగని 2012లోనే ఆ వర్గంలో చేర్చింది. ఫైర్‌మన్ బట్టల మీద మసి ఉంటుంది. ఆ మసి గొట్టం కడిగేవాళ్ల చేతికీ అంటుతుంది. పొద్దున్నే బండి స్టార్టు చేసి చూస్తారు, ఆ పొగలోనే షెడ్డు ఊడ్చేది మన అక్క. ఫైర్‌మన్‌కి హెల్త్ కార్డు ఉంది. అక్కకి కొంగే మాస్కు.

గొట్టానికి అంటు

అగ్గి మనకు కొత్త కాదు. 1968లో కంచికచర్లలో కోటేశుని బతికుండగా తగలబెట్టారు. అదే ఏడు డిసెంబరు 25న తమిళనాడు కీలవెన్మణిలో గుడిసెలో దాక్కున్న 44 మందిని తగలబెట్టారు. మహద్‌లో 1927లో అదే డిసెంబరు 25న బాబాసాహెబ్ అగ్గి పెట్టింది మాత్రం మనుషులకు కాదు, మనుధర్మ శాస్త్రానికి. ఈ తేడా మన పిల్లలకు చెప్పాలి.

ఇక మా పల్లె సంగతి. మేము రెండో తరగతి చదివే రోజులు. వేసవి, మిట్టమధ్యాహ్నం. తాటాకు ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ఒక పొయ్యిలోంచి ఎగిరిన నిప్పు పడి వరస వరసంతా అంటుకుంది. పెద్దవాళ్లంతా మిరపకోతలకు పోయారు. పట్నం నుంచి ఫైరింజను వచ్చింది గాని ఊరి వీధి దాటాక పల్లెకు దారి లేదు, కాలిబాటే. గొట్టానికి గొట్టం తగిలించి లాక్కొచ్చారు. కాసేపటికే ట్యాంకు ఖాళీ. దగ్గర్లో ఉన్నది ఊరి మంచినీళ్ల చెరువు. మాలమాదిగ ఇళ్ల మీద పొర్లిన గొట్టం చెరువులో ముంచడానికి వీల్లేదని గట్టు మీద నలుగురు అడ్డం నిలబడ్డారు. ఇక్కడ ఇళ్లు తగలబడుతున్నాయి, అక్కడ మైల గురించి పంచాయితీ!

బండి మీద క్లీనరుగా వచ్చిన కుర్రాడొకడు ఎవర్నీ అడగలేదు. గొట్టం భుజాన వేసుకుని గట్టు దిగి నీళ్లలో దూకాడు. డ్రైవరు పంపు వేశాడు. తొమ్మిది ఇళ్లు మిగిలాయి. అందులో మాది ఒకటి. మా పలకా పుస్తకాలూ ఆ ఇంట్లోనే ఉన్నాయి. మా వంశంలో మొదటి డిగ్రీ ఆ ఇంట్లోంచే వచ్చింది.

ఆ కుర్రాడు మనవాడేనని తర్వాత తెలిసింది. పెద్దయ్యాక వెతుక్కుంటూ వెళ్లాం. అతను మస్టరు కూలీ అట, రెండేళ్లు చేయించుకుని తీసేశారట. ఆ రోజు కాగితాల్లో బండి నంబరుంది, డ్రైవరు పేరుంది, అతని పేరు లేదు. మేము ఇవాళ ఈ మైకు ముందు నిలబడటానికి కారణమైన మనిషి పేరు ఏ ప్రభుత్వ కాగితంలోనూ లేదు.

కులం పని పంచడంతో ఆగదు, ఆ పని చేసే మనుషుల్ని ఒకరి మొహం ఒకరు చూడకుండా విడదీస్తుందని బాబాసాహెబ్ 1936లో ‘కుల నిర్మూలన’లో వాదించాడు. ఫైరాఫీసు గేటు లోపల కూడా చూడండి. మంటలోకి దూకేది సాహసం, మసి కడిగేది ‘చాకిరీ’. రెండూ ఒకే పనిలో రెండు సగాలని ఎవరూ అనరు.

శవానికి ముందు రాని సిలిండరు

మ్యాన్‌హోల్‌లో దిగినవాడు విషవాయువుకు పడిపోతాడు. వాణ్ణి తీయడానికి ఇంకొకడు దిగి వాడూ పడిపోతాడు. అప్పుడు ఫైరాఫీసుకు ఫోను చేస్తారు. ఫైర్‌మన్ వీపుకు గాలి సిలిండరు, మొహానికి మాస్కు, నడుముకు తాడు కట్టుకుని దిగి శవాల్ని తీస్తాడు. అంటే ఈ ఊళ్లో ఆ సిలిండరు ఉంది. శవాన్ని తీసేవాడికి ఉంది, శవం కాకముందు దిగినవాడికి లేదు. ఇంతకంటే కులం గురించి మేము బళ్లో ఏం పాఠం చెప్పాలి?

చట్టం లేక కాదు. 1993లో ఒకటి చేశారు, 2013లో ఇంకొకటి చేశారు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలవల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలివ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. చచ్చాక ఇచ్చే ధర పెరిగింది. చావకుండా చేసే సిలిండరు మాత్రం మురుగు కార్మికుడి దగ్గరికి నడిచి రాలేదు.

మంటల్లో పోయేది కూడా ఎక్కువగా ఎవరు? 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయగూడ తుక్కు గోదాములో 11 మంది కాలిపోయారు. బీహారు నుంచి పొట్ట చేతబట్టుకు వచ్చిన కూలీలు. కింద తుక్కు, పైన పడక, దిగడానికి ఒకటే ఇరుకు మెట్లు. మనం మన ఊరి గురించే కాదు, వాళ్ల గురించీ అడగాలి.

జీవోల కథ

1994లో మన రాష్ట్రంలో రెండో నంబరు చట్టం తెచ్చి రోజుకూలీ నియామకాలు బంద్ చేశారు. ఆ ఏడాదే ఏప్రిల్ 22న 212 జీవో ఇచ్చారు. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండిన వాళ్లను పర్మినెంటు చెయ్యొచ్చన్నారు. పార్ట్‌టైం వాళ్లకు 1997లో 112 జీవో వచ్చింది, పదేళ్లు నిండాలన్నారు. నాలుగేళ్ల పదకొండు నెలల వాళ్లు గేటు బయట నిలబడ్డారు. మస్టరులో పేరే ఎక్కనివాడు అయిదేళ్లు చేశానని ఎలా రుజువు చేస్తాడు? 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, దొడ్డిదారి నియామకాలకు పర్మినెంటు హక్కు లేదంది. ఆ తర్వాత అధికారులు ఆ ఒక్క తీర్పే జేబులో పెట్టుకు తిరిగారు. అదే తీర్పు, మంజూరైన పోస్టుల్లో పదేళ్లు చేసినవాళ్ల సంగతి ఒక్కసారికి చూడమని కూడా చెప్పింది. అది ఎవరూ చదివి వినిపించరు.

మనం చదువుకున్నది వినిపించడానికే. 2016లో సుప్రీంకోర్టు, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ ఉద్యోగి కనీస వేతనం ఇవ్వాలంది. 2024 డిసెంబరు 20న కేంద్ర జలసంఘం ఆఫీసు ఊడ్చిన ఆడవాళ్ల కేసులో, ఉమాదేవి తీర్పును డాలులా అడ్డుపెట్టుకుని ఏళ్ల తరబడి చేసినవాళ్లను తరిమెయ్యడం కుదరదని చెప్పి, వాళ్లను పర్మినెంటు చెయ్యమంది. ఆ కేసు వేసింది మన అక్కలాంటివాళ్లే.

మన తప్పు కూడా చెప్పుకుందాం

ఫైర్‌మన్లు మన శత్రువులు కాదు. వాళ్లలో రిజర్వేషన్ మీద వచ్చిన మన పిల్లలున్నారు. వాళ్లూ చస్తున్నారు. కాని యూనిఫాం వేసుకున్న మనవాడే ఊడ్చే అక్కని ‘ఏమే’ అని పిలిస్తే ఏం చెయ్యాలి? అతన్ని అడిగేముందు మమ్మల్ని మేము అడుక్కున్నాం. మేము బడిపంతుళ్లం. మా బళ్లో దొడ్లు కడిగే ఆమెకు మా స్టాఫ్‌రూంలో కుర్చీ ఉందా? మొన్నమొన్నటిదాకా లేదు. సిగ్గుపడి వేశాం. ఆ కుర్చీ వెయ్యడానికి మాకు పద్నాలుగేళ్ల సర్వీసు పట్టింది.

కాబట్టి మనం కోరేది ఇది. ఫైరాఫీసులో ఊడ్చే, కడిగే, వండే, మరమ్మతు చేసే ప్రతి మనిషి పేరూ రోజూ హాజరు పుస్తకంలో ఎక్కాలి. కాంట్రాక్టరు పుస్తకంలో కాదు, ఆఫీసు పుస్తకంలో. చేతికి తొడుగు, మొహానికి మాస్కు, ఏడాదికోసారి డాక్టరు పరీక్ష ఇవ్వాలి. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. చీటీ వాళ్ల చేతికే ఇవ్వాలి. మురుగులోకి మనిషిని దించే పని మానాలి, మిషన్లు తేవాలి.

వచ్చే ఏప్రిల్ 14లోగా మనం చెయ్యాల్సింది ఒకటుంది. పేటలో చదువుకున్న పిల్లలు నలుగురు ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఈ ఊళ్లో ఫైరాఫీసులో, మునిసిపాలిటీలో, ఆసుపత్రిలో రిజిస్టరు లేకుండా పనిచేస్తున్న మనవాళ్ల దగ్గరికి పోయి, ఏ సంవత్సరం చేరారు, ఎవరు చేర్చారు, జీతం ఎంత, సాక్షి ఎవరు అని రాయండి. అయిదేళ్ల రుజువు, పదేళ్ల రుజువు లేకే మనవాళ్లు 1994లో పోగొట్టుకున్నారు. మళ్లీ పోగొట్టుకోవద్దు.

ఆ పుస్తకంలో మొదటి పేరు ఈ మూడో వరసలో కూర్చున్న అక్కది. రెండో పేజీ ఖాళీగా ఉంచండి. చెరువులో దూకిన ఆ క్లీనరు పేరు మేము రాస్తాం.

జైభీమ్!