మాత్ర ఇవ్వడం కూడా పనే

(నల్లచెరువులో ఇంటి పనులకు వెళ్ళివచ్చిన స్త్రీలు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక బెంగుళూరులో ఇళ్ళల్లో ఉండి పని చేసినవాళ్ళు చేతులెత్తండి అన్నాను. చాలా చేతులు లేచాయి. కువైట్ వెళ్ళివచ్చినవాళ్ళు అంటే ఇంకొన్ని లేచాయి. ముసలివాళ్ళకు మందులు చూసినవాళ్ళెవరు అని అడిగితే మాత్రం ఒక్క చెయ్యి కూడా లేవలేదు. వెనకనుంచి ఒకామె, "అదేం పనిమా, మాత్ర తీసి చేతిలో పెట్టేదే కదా" అంది. ఆ మాట గురించే ఈరోజు మాట్లాడాలనుకుంటున్నాను.

అది పనే. ఎట్లాంటి పనో చూడండి. ఒక అవ్వకు సుగరు, బి.పి., థైరాయిడ్ ఉన్నాయనుకుందాం. పొద్దున లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. ఆ తర్వాత అరగంట, గంట దాకా ఏమీ పెట్టకూడదు. సుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్ టిఫినుకు ముందు, మెట్‌ఫార్మిన్ టిఫినుతోనో తర్వాతో ఇవ్వాలి. గ్లిమెపిరైడ్ వేశాక అవ్వ అలిగి టిఫిను తినకపోతే సుగరు పడిపోతుంది. ఒంట్లో నీరు తీసే మాత్ర పొద్దునే వేయాలి. సాయంత్రం వేస్తే అవ్వ రాత్రంతా లేస్తూనే ఉంటుంది, చీకట్లో పడుతుంది. ఆమెతోపాటు చూసుకునే మనిషికీ నిద్ర ఉండదు. కీళ్ళ జబ్బుకు ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేయాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణమే పోవచ్చు. ఇదంతా గుర్తుపెట్టుకుని, తప్పకుండా, ఏడు రోజులూ చేసే మనిషిని మనం 'పనిమనిషి' అంటున్నాం. ఆసుపత్రిలో ఇదే పని నర్సు చేస్తే దానికి చదువుంది, డ్యూటీ వేళలున్నాయి, రాసిపెట్టే చార్టు ఉంది. ఇంట్లో చేసేసరికి అది ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన సేవాగుణం అయిపోయింది.

ఈ విషయం నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా ఇంట్లో జరిగిన తప్పువల్ల నేర్చుకున్నాను. మా అమ్మను చూసుకోవడానికి ఈ కదిరి వైపు నుంచే ఒకామె వచ్చి మా ఇంట్లో ఉండేది. డాక్టరు మందులు మార్చినప్పుడు నేను ఊళ్ళో లేను. కొత్త చీటీలో ఉన్నవి తెప్పించి ఏది ఎప్పుడు వేయాలో ఫోనులో చెప్పాను. పాతవి ఆపమని చెప్పలేదు. కొత్త అట్ట మీద పేరు వేరు, రంగు వేరు, లోపలి మందు మాత్రం పాతదే. రెండూ గ్లిమెపిరైడ్. నాలుగో రోజు రాత్రి అమ్మకు చెమటలు పట్టి, మాట తడబడింది. ఆమె చూసి, వెంటనే చక్కెర నీళ్ళు తాగించి, పక్కింటివాళ్ళను లేపి ఆసుపత్రికి తీసుకుపోయింది. అమ్మ బతికింది.

పొద్దున నేను వచ్చి మొట్టమొదట అన్నమాట, "ఏం ఇచ్చావు నువ్వు?" అని. ఆమె మాట్లాడకుండా రెండు అట్టలూ తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు సెప్పినట్లే ఇస్తి కదమ్మా. నిలపమని సెప్పలేదే" అంది. డాక్టరు ఆ అట్టలు చూసి, తప్పు ఎక్కడ జరిగిందో నాకు చెప్పారు. ఇరవై ఏళ్ళుగా స్త్రీల శ్రమ గురించి పాఠాలు చెబుతున్న మనిషిని నేను. అయినా నా నోట ముందు వచ్చింది యజమాని మాటే. క్షమించమని అడిగాను. ఆమె క్షమించింది గానీ, ఆ తర్వాత ఏ మాత్ర ఇవ్వాలన్నా నాకు ఫోను చేసి అడిగేది. ఆమెలో భయం పెట్టింది నేనే.

అప్పటినుంచి ఇట్లాంటి పని చేసిన స్త్రీలతో మాట్లాడుతూ వచ్చాను. చదువు రాకపోయినా వాళ్ళు ఎంత నేర్పుగా నెట్టుకొస్తారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒకామె పొద్దుటి మాత్రలు గాజు గ్లాసులో, రాత్రివి స్టీలు గ్లాసులో పెట్టేది. ఒకామె అట్టమీద పసుపు బొట్టు పెడితే పగలు, కాటుక బొట్టు పెడితే రాత్రి. కువైట్‌లో పనిచేసిన ఇంకొకామె అజాను లెక్కన వేళ గుర్తు పెట్టుకునేది. అయితే రంగును, ఆకారాన్ని నమ్ముకున్న పద్ధతి కంపెనీ మారిన రోజున కూలిపోతుంది. అట్టను ముక్కలుగా కత్తిరిస్తే పేరూ, గడువు తేదీ రెండూ పోతాయి. మింగలేని తాతకు మాత్ర నూరి సంగటిముద్దలో పెట్టడం మనకు మంచి ఉపాయంలాగే కనబడుతుంది. కానీ పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్. అని ఉండే మాత్రలను నూరితే రోజంతా కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది. ఈ సంగతి ఆమెకు చెప్పాల్సింది ఎవరు? చెప్పినవాళ్ళు లేరు.

ఇంకో కష్టమైన విషయం ఉంది. "రాత్రిళ్ళు గొడవ చేస్తోంది, నిద్రమాత్ర ఇంకొకటి వెయ్యి" అని ఇంటివాళ్ళు చెబుతారు. మందు వద్దన్న ముసలామెకు తెలియకుండా పాలల్లో కలిపి ఇమ్మంటారు. ఇవ్వకపోతే పని పోతుంది. ఇస్తే ఆ అవ్వ మత్తులో నడిచి పడుతుంది, నింద ఈమె మీదకు వస్తుంది. ఇక్కడ ఇద్దరు స్త్రీల హక్కులున్నాయి. తన ఒంట్లోకి ఏం పోతోందో తెలుసుకునే హక్కు, వద్దనే హక్కు ఆ ముసలామెకు ఉన్నాయి. డాక్టరు చెప్పని మందు ఇవ్వనని చెప్పే హక్కు ఈమెకు ఉంది. ఈ రెండు హక్కులూ ఒకదానికొకటి పోటీ కాదు. ఒకటి పోతే రెండోదీ నిలవదు.

చట్టాలు ఏమంటున్నాయి? 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పోషించే బాధ్యత పిల్లలదని చెప్పింది. నిజంగా చాకిరీ చేసేది కోడలో, జీతానికి వచ్చిన స్త్రీయో అన్న సంగతి దానికి పట్టలేదు. ఇంటి పనికి కనీస వేతనాలు కర్ణాటకలో 2004లో, మన రాష్ట్రంలో 2007లో ప్రకటించారు. కాగితం మీద ఉన్నంతగా ఇళ్ళల్లో లేవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివాళ్ళ కోసం 189వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పనివాళ్ళ కోసం చట్టం అవసరాన్ని పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంటుంది, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలంటుంది. వెళ్ళేవాళ్ళకు ఈ రెండు ముక్కలైనా చెప్పి పంపండి. రాత్రి మూడుసార్లు లేచి, పొద్దున ఆరింటికి మళ్ళీ మాత్రలు లెక్కపెట్టే మనిషి తప్పు చేయకుండా ఎట్లా ఉంటుంది? నిద్ర లేనితనం కూడా మందుల తప్పులకు ఒక కారణం.

ఇక మన ఊరి సంగతి. వాన లేక వేరుశనగ ఎండిపోయినప్పుడల్లా ఈ మండలం నుంచి స్త్రీలు బయటికి పోతారు. అక్కడ ఎవరి తల్లికో వేళకు మాత్ర అందిస్తారు. ఇక్కడ వాళ్ళ తల్లికి 104 బండిలో బి.పి. మాత్రలు ఇస్తే, అట్టమీద పేరు చదివి చెప్పేది మనవరాలు. బడికి పోయే ఆ పిల్ల అవ్వకోసం ఎన్నిసార్లు బడి మానిందో ఎవరూ లెక్కపెట్టరు. దీన్నే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో ప్రపంచవ్యాప్త సంరక్షణ గొలుసు అన్నారు. ఆ గొలుసు చివరి కొస మన నల్లచెరువులో, ఆ పిల్ల చేతిలో ఉంది.

మనం చేయగలిగినవి కొన్ని చెప్పి ముగిస్తాను. పనికి కుదిరేటప్పుడే జీతంతోపాటు మందుల మాట కూడా మాట్లాడుకోవాలి. ఏ మందు, ఎందుకు, ఎప్పుడు, ఎన్ని అన్నది తెలుగులో, బొమ్మలతో ఒక కాగితం మీద రాయించి గోడకు అంటించాలి. చీటీ మారినప్పుడు పాత అట్టలు ఇంట్లోంచి తీసేయాలి. డాక్టరు దగ్గరకు ముసలివాళ్ళతోపాటు చూసుకునే ఆమె కూడా పోవాలి, అడగాలి. ఎందుకంటే చెమట, మగత, కాళ్ళ వాపు మొదట చూసేది ఆమే. నేర్పించకుండా ఇన్సులిన్ సూది ఆమె చేతిలో పెట్టకూడదు. తప్పు జరిగితే దాచకుండా చెప్పే ధైర్యం ఆమెకు ఉండాలి. ఆ ధైర్యం రావాలంటే చెప్పినందుకు పని పోకూడదు.

స్వచ్ఛంద సంస్థల మిత్రులకు ఒక మాట. మీరు కుట్టు శిక్షణ ఇస్తున్నారు, మంచిదే. మందుల అట్ట చదవడం, సుగరు పడిపోతే గుర్తుపట్టడం కూడా రెండు రోజులు నేర్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సునూ, ఆశా కార్యకర్తనూ పిలవండి. ఇప్పటికే ఈ పని చేసినవాళ్ళ చేత పాఠం చెప్పించండి.

ఇప్పుడు మళ్ళీ అడుగుతాను. మీలో ముసలివాళ్ళకు మందులు చూసినవాళ్ళెవరు? చేతులెత్తండి.