గోధుమ లేదు, గుడ్డు లేదు, నెయ్యి లేదు – మరి కుకీ ఎలా?

(క్వేకర్స్ హిల్‌లో తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)



వంటల గురించి నాలుగు మాటలు చెప్పమంటే, ఈవిడ ఏ గుత్తివంకాయ కూరో, గోంగూర పచ్చడో చెబుతుందని మీరనుకుని ఉంటారు. నేను ఇవాళ సూపర్‌మార్కెట్‌లో దొరికే ఒక పొట్లం గురించి చెబుతాను. అది కుకీలు చేసుకునే మిక్స్. దాని మీద గ్లూటెన్ ఫ్రీ అనీ, వీగన్ ఫ్రెండ్లీ అనీ రాసి ఉంటుంది.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మా అమ్మాయి స్నేహితురాళ్ళలో ఒక పిల్లకి సీలియాక్ జబ్బు ఉంది. ఎవరింట్లో పుట్టినరోజైనా తన డబ్బా తను తెచ్చుకుంటుంది. అందరూ కేకు తింటుంటే తను ఓ పక్కన కూర్చుని ఆ డబ్బా మూత తీస్తుంది. ఇక మా అన్నయ్య కొడుకు యూనివర్సిటీలో చేరాక వీగన్ అయ్యాడు. పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా ముట్టడు. "నెయ్యి లేకుండా ముద్ద ఎలా దిగుతుందిరా!" అని మా అమ్మ బెంగ. వీళ్ళిద్దరూ అందరితోపాటు ఒకే పళ్ళెంలోంచి తినగలిగేది ఒక్కటైనా మా ఇంట్లో ఉండాలనిపించింది.

సీలియాక్ అంటే కొందరు ఏదో డైటింగ్ ఫ్యాషన్ అనుకుంటారు. కాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి వెళ్ళగానే శరీరంలోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. ఈ దేశంలో దాదాపు ప్రతి 70 మందిలో ఒకరికి ఇది ఉందనీ, వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదనీ సీలియాక్ ఆస్ట్రేలియా సంస్థ చెబుతోంది. దీనికీ గోధుమకూ ఉన్న సంబంధాన్ని తేల్చిన వైద్యుడు నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెం డికె. 1944–45 చలికాలంలో అక్కడ రొట్టె కరువైనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారు. రొట్టె మళ్ళీ రాగానే జబ్బు తిరగబెట్టింది. అంతకుముందు నుంచీ ఉన్న ఆయన అనుమానం దాంతో బలపడింది. ఇవాళ్టికీ దీనికి చికిత్స ఒక్కటే: జన్మంతా గ్లూటెన్ లేని తిండి. మీలో ఎవరికైనా అనుమానం ఉంటే పరీక్ష చేయించుకోకముందే గోధుమ మానేయకండి. మానేస్తే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇక పొట్లం సంగతి. వెనక్కి తిప్పి చదివితే బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, టాపియోకా స్టార్చ్, పంచదార, 415 అనే నంబరు కనిపించాయి. టాపియోకా అంటే మన కర్రపెండలమే. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో సగ్గుబియ్యం చేసేది దాంతోనే. 415 అంటే జాంతన్ గమ్ అనే జిగురు. గోధుమలో గ్లూటెన్ చేసే పట్టుకునే పని ఇక్కడ అది చేస్తుంది. గుడ్డుకు బదులు అవిసె గింజల పొడి వాడాను. ఒక చెంచా పొడికి మూడు చెంచాల నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచితే బంకగా తయారవుతుంది. వెన్నకు బదులు కొబ్బరినూనె.

అమెరికాలో ఉన్న అక్కచెల్లెళ్ళ దగ్గర కొలతలు రాయించుకునేవారికి ఒక మాట. అక్కడి టేబుల్‌స్పూన్ 15 మిల్లీలీటర్లు, ఇక్కడిది 20. మామూలు కూరలో ఆ తేడా తెలియదుగానీ కుకీలో తెలిసిపోతుంది.

పిండి కలిపి రెండు భాగాలు చేశాను. ఒక భాగం వెంటనే ఓవెన్‌లో పెట్టాను. రెండోదాన్ని ఫ్రిజ్‌లో అరగంట ఉంచి తర్వాత కాల్చాను. మొదటివి పళ్ళకి ఇసుకలా తగిలాయి, అంచులు పరుచుకుపోయాయి. రెండోవి గుండ్రంగా, మెత్తగా వచ్చాయి. కారణం తేలికే. బియ్యప్పిండి నీళ్ళు పీల్చుకోవడానికి సమయం పడుతుంది. అరిసెలకు బియ్యం నానబెట్టి తడిపిండి కొట్టించిన మన అమ్మమ్మలకు ఈ రహస్యం కొత్తేమీ కాదు. ఇక కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. సిడ్నీ ఎండాకాలంలో ఫ్రిజ్ తప్పదు.

ఓవెన్ 180 డిగ్రీలు. ఫ్యాన్ ఉన్నదైతే 160. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. బయటికి తీయగానే ముట్టుకుంటే విరిగిపోతాయి. ట్రేలోనే పది నిమిషాలు వదిలేస్తే గట్టిపడతాయి. పాలు, గుడ్డు లేవు కాబట్టి రంగు కాస్త తెల్లగా ఉంటుంది. రెండోసారి పంచదార లేని మిక్స్ తెచ్చి బెల్లం పొడి, ఏలకులు, కొబ్బరికోరు వేశాను. రంగూ వచ్చింది, వాసన మా ఊరిదీ వచ్చింది.

ఇంతవరకు పొట్లం చేసిన పని. నా దృష్టిలో అది సగమే. మిగతా సగం వంటింటిది.

మన ఇళ్ళలో రోజూ చపాతీలు. జల్లెడ సందుల్లో, చెక్కపీట గీతల్లో, అప్పడాల కర్ర మీద గోధుమపిండి ఉండనే ఉంటుంది. ఆ జల్లెడతో జల్లిస్తే ఎంత ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ మిక్స్ అయినా గ్లూటెన్ ఫ్రీ కాదు. అందుకని వేరే జల్లెడ, వేరే చెక్క గరిటె కొన్నాను. ట్రే కడిగి కొత్త బేకింగ్ పేపరు వేస్తాను. ఆ పూట చపాతీ పిండి కలపను. జంతికలు బియ్యప్పిండివే కదా అని పెట్టబోయేముందు ఇంగువ డబ్బా కూడా చూడండి. చాలా ఇంగువల్లో గోధుమపిండి కలుపుతారు.

లేబుల్ చదవడమూ ఒక విద్యే. ఆస్ట్రేలియాలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే పరీక్షకు గ్లూటెన్ అసలు అందకూడదు. ఓట్స్ కూడా ఉండకూడదు. ఇండియాలో, అమెరికాలో కిలోకు 20 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. కాబట్టి అక్కడి నుంచి సూట్‌కేసులో తెచ్చిన పొట్లం మీది మాటకూ, ఇక్కడి మాటకూ అర్థం ఒకటి కాదు. 2021లో మార్చిన నిబంధనల ప్రకారం ఇక్కడి పొట్లాల మీద గోధుమ, పాలు, నువ్వులు వంటివి తేలిక మాటల్లో, లావు అక్షరాల్లో ఉంటాయి. ఇంకొక సంగతి: వీగన్ అని ఉంటే పాల అలర్జీ ఉన్నవారికి క్షేమమని కాదు. అదే ఫ్యాక్టరీలో పాలు వాడితే చుక్క కలవవచ్చు. ఆ హెచ్చరిక ఉంటే కింద చిన్నగా ఉంటుంది, చదవండి.

పొట్లమే కొనక్కర్లేదు కూడా. నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలిలో గోధుమా లేదు, పాలూ లేవు. నూనెలో వేయించిన అరిసెలూ అంతే. సున్నుండలు, పూతరేకులు గోధుమ లేనివేగానీ నెయ్యి ఉంటుంది కనుక మా అన్నయ్య కొడుక్కి పనికిరావు. కాజాలు, బొబ్బట్లు ఆ పిల్లకి పనికిరావు. మన పిండివంటల్ని ఒకసారి ఇలా విడదీసి చూసుకుంటే ఎవరికి ఏది పెట్టవచ్చో తెలిసిపోతుంది.

చివరిగా ఒక్క మనవి. మనం ప్రేమతో అనే మాట ఒకటుంది: "ఒక్కటి తింటే ఏం కాదులే!" ఈ జబ్బున్న పిల్ల దగ్గర ఆ మాట అనకండి. ఒక్కటి తిన్నా పేగు దెబ్బతింటుంది, పైకి ఏమీ కనిపించకపోయినా సరే. బలవంతం చేసి పెట్టడం మన మర్యాద అనుకుంటాం. అలాంటి పిల్ల ఇంటికొస్తే ఖాళీ పొట్లం పారేయకుండా ఉంచి, వాళ్ళ అమ్మకు చూపించి, ఏ గిన్నెలో కలిపామో చెప్పి, ఆవిడ సరేనన్నాకే పెట్టడం అంతకంటే పెద్ద మర్యాద. ఆవిడ వద్దంటే నొచ్చుకోకపోవడం ఇంకా పెద్దది.

మా ఇంట్లో ఆవిడ పొట్లం రెండుసార్లు చదివింది. జల్లెడ గురించి అడిగింది. తర్వాత కూతురి వైపు చూసి తలూపింది. ఆ పిల్ల మూడు కుకీలు తిని, నాలుగోది ఇంటికి తీసుకెళ్ళవచ్చా అని అడిగింది.