ప్రజాధనము – భోజనపు పద్దు
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము భోజనము. సర్కారు సొమ్ముతో ఎవరు తినవచ్చును, ఎంతవరకు తినవచ్చును అను ప్రశ్న. కార్యాలయములలో సమావేశము జరిగినప్పుడు జీడిపప్పు, టీ వచ్చుట మనము చూచినదే. చూచి, నవ్వి, ఊరకుందుము. కాని ఆ పళ్లెమునకు ఒక పద్దు, ఆ పద్దునకు ఒక నిబంధన కలవు.

కేంద్రప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో 21వ నియమమును చూడుడు. వివేకియగు మనుష్యుడు తన సొంత ధనమును వెచ్చించునప్పుడు ఎంత జాగ్రత్తపడునో, ఉద్యోగి ప్రజాధనము విషయమున అంత జాగ్రత్తపడవలెను. అంతియే కాదు, తనకు లాభము కలిగించు వ్యయమును తానే మంజూరు చేసికొనరాదు. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్న నేమి యని మనవారందురు. వడ్డించువాడే తినువాడైనచో నేమగునో సామెత చెప్పలేదు. ఈ నియమము చెప్పినది.

అయితే నిబంధన యెల్లప్పుడు దుబారానే అరికట్టునని తలపరాదు. పసివాని కంచమును లాగికొన్న నిబంధనయు కలదు. గంజాము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సాలో చేరువరకు మదరాసు రాజధానిలోనిదే కనుక, ఆ కథ మనకు పరాయిది కాదు. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టిగారి ప్రతిపాదనపై మదరాసు నగరపాలక సంఘము థౌజండ్ లైట్సు పాఠశాల పిల్లలకు ఫలహారము పెట్టుటకు సమ్మతించెను. ఒక్కొక్కరికి దినమునకు ఒక అణా మించరాదని హద్దు. పిమ్మట మరి నాలుగు పాఠశాలలకు ఈ యేర్పాటు వ్యాపించెను. 1922–23లో ఆ యైదు పాఠశాలలలో 811 మంది యుండగా, 1924–25 నాటికి 1,671 మందియైరి. అన్నము పెట్టినచోటికి పిల్లలు వచ్చిరి! కాని ప్రాథమిక విద్యానిధి నుండి తిండికి ఖర్చు చేయుటకు నాటి ప్రభుత్వము ఒప్పుకొనలేదు. 1925 ఏప్రిల్ 1న పొయ్యి ఆరిపోయెను. రెండేండ్లకు గాని వేయిమంది పేదపిల్లలకు తిరిగి అన్నము దొరకలేదు. అణా యెక్కువైనదని కాదు, పద్దు పేరు వేరైనదని ఆపిరి.

తొంబదియేండ్లకు నిబంధన తలక్రిందులైనది. 2013 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద 2015 సెప్టెంబరులో వెలువడిన నియమముల ప్రకారము, మధ్యాహ్నభోజనపు నిధి అయిపోయినచో పాఠశాల తనయొద్దనున్న ఇతర నిధిని తాత్కాలికముగా వాడి భోజనము నడుపవచ్చును. ఆ సొమ్ము తరువాత తిరిగి జమయగును. పాఠశాల పనిచేయు దినమున భోజనము పెట్టనిచో, దానికి బదులుగా ధాన్యమును, వంటఖర్చును పిల్లలకు ఈయవలెను. ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. పై తరగతులవారికి 700 కాలరీలు, 20 గ్రాములు. ఇది దయ కాదు, చట్టము.

ఇక మన బరంపురమునకు వత్తము. మొన్న మన పేటలోని ఒక తల్లి, తన బిడ్డకు ఆ వారము గ్రుడ్డు పెట్టలేదని నాతో చెప్పుకొన్నది. అడుగలేదా యమ్మా యంటిని. “గోడమీద ఒడియాలో ఏమో వ్రాసియున్నది బాబూ, నాకు చదువరాదు, ఏమని యడుగుదును?” అన్నది. నాకు తల వంగిపోయినది. ఇన్నేండ్లుగా సభలు చేసికొని సన్మానములు జరుపుకొనుచున్నాము గాని ఆ గోడమీది నాలుగు పంక్తులు ఆమెకు చదివి చెప్పినవారము కాము.

2005 నాటి సమాచారహక్కు చట్టము ఆరవ విభాగము ప్రకారము దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికారభాషలోగాని ఉండవలెను. తెలుగు లేదు. అయినను వ్రాయలేనివాడు నోట చెప్పినచో, దానిని వ్రాతలో పెట్టుటకు అధికారి తోడ్పడవలెనని అదే విభాగమున నున్నది. ఫిర్యాదు మాట వేరు. రాజ్యాంగపు 350వ అధికరణము, రాష్ట్రములో వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నపము చేసికొను హక్కును ప్రతివానికి ఇచ్చినది. కనుక గ్రుడ్డు రాలేదని తెలుగులోనే వ్రాయవచ్చును. పద్దు చూపుమనుటకు మాత్రము ఒడియాగాని, హిందీగాని, ఇంగ్లీషుగాని కావలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల నిర్వాహక సంఘములో ముప్పాతికమంది తల్లిదండ్రులే యుండవలెను. మనవారు ఆ కుర్చీలలో ఎందరున్నారో ముందు లెక్కింతము.

ఒడియా చక్కగా వ్రాయగల యువకులు మన సంఘములో ఉన్నారు. ఆదివారము ఉదయము ఇద్దరు చొప్పున మన కార్యాలయమున కూర్చుండుడు. ఆ తల్లిని నేను వెంటబెట్టుకొని వత్తును. దరఖాస్తు రుసుము పది రూపాయలు నేనే కట్టెదను.