ఇల్లు పోయినా బడి పోగూడదు

(బడులు తెరవడానికి ముందు, జూన్ మొదటి వారంలో భివండి యూనియన్ ఆఫీసులో జరిగిన సభలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు పగటి పాళీ దిగి వచ్చారు. కొందరు రాత్రి పాళీ ఎక్కబోతూ వచ్చారు. అందుకని ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఈరోజు కూలి రేటు గురించి కాదు, బోనస్ గురించీ కాదు. ఇల్లు లేని మన పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని పిలిచాం.

ఇల్లు లేని పిల్లలంటే స్టేషన్‌లో పడుకునేవాళ్ళని మనలో చాలామంది అనుకుంటారు. మన సంగతి చూడండి. కార్ఖానాలో సాంచాల పైన కట్టిన అటక మీద పిల్లలతో ఉంటున్న కుటుంబాలు మనలో లేవా? మున్సిపాలిటీ సీలు వేసిన బిల్డింగు ఎదుట తాటిపత్రి కింద వానాకాలం గడిపినవాళ్ళు లేరా? బావమరిది ఖోలీలో రెండు కుటుంబాలు, తొమ్మిదిమంది, వంతులవారీగా నిద్రపోయేవాళ్ళు లేరా? వీళ్ళందరికీ ఇల్లు లేనట్టే. ఆ పిల్లలు మన పిల్లలే.

మన ఊళ్ళో జూన్ నెలకు రెండు పనులుంటాయి. వానలు వస్తాయి, బడులు తెరుస్తారు. వానలకు ముందే పాత బిల్డింగులకు మున్సిపాలిటీ నోటీసులు అంటిస్తుంది. నెల మధ్యలో బడి గంట మోగుతుంది. అంటే ఇల్లు ఖాళీ చేయడం, పిల్లను బడికి పంపడం ఒకే పదిహేను రోజుల్లో వచ్చి పడతాయి. ఈ రెంటిలో తండ్రి దేని వెంట పరుగెత్తుతాడు? గది వెంటే పరుగెత్తుతాడు. బడి తర్వాత చూసుకుందాం అంటాడు. ఆ తర్వాత అనేది చాలా ఇళ్ళల్లో రాదు.

నోటీసులు వద్దని మేము అనడం లేదు. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగు నిద్రలో ఉన్నవాళ్ళ మీద కూలింది. కనీసం 38 మంది చనిపోయారు. వాళ్ళలో పిల్లలున్నారు. 2023 ఏప్రిల్‌లో వర్ధమాన్ కాంపౌండ్‌లో మరో బిల్డింగు కూలి ఎనిమిది మంది పోయారు. ప్రాణం ముందు. కానీ ఆ నోటీసులో గోడ సంగతి ఉంటుంది, పిల్లర్ సంగతి ఉంటుంది. లోపల ఎంతమంది బడి పిల్లలున్నారు, వాళ్ళు రేపు ఎక్కడినుంచి బడికి పోతారు అనే మాట ఉండదు.

ఇది కొత్త కథ కాదు. మాలో యాభై దాటినవాళ్ళం ఇది అనుభవించి వచ్చాం. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షలమంది పని వదిలారు. మన నాయనలు వాళ్ళలో ఉన్నారు. నెలలు గడిచాయి. వెండి పోయింది, ఇత్తడి గిన్నెలు పోయాయి, కొందరికి ఖోలీ కూడా పోయింది. కొన్ని కుటుంబాలు కరీంనగర్, నల్లగొండ పల్లెలకు తిరిగి పోయాయి. కొన్ని పని వెతుక్కుంటూ ఈ భివండికి వచ్చాయి. మేము అప్పుడు ఐదో తరగతో, ఆరో తరగతో చదివే పిల్లలం. మిల్లులు ఎన్ని మూతపడ్డాయో అందరూ లెక్కపెట్టారు. ఏ బడిలో ఎందరి పేర్లు హాజరు పట్టీలోంచి కొట్టేశారో అడిగినవాళ్ళను మేము చూడలేదు. మాలో కొందరం కండెలు చుడుతూ పెరిగి, రాత్రి బడిలో పదో తరగతి దాకా వచ్చాం. ఎక్కువమంది రాలేకపోయారు.

అంత తెలిసి కూడా మేము ఒక తప్పు చేశాం. అది ఈ సభలో ఒప్పుకోవాలి.

మూడేళ్ళ కిందట ఇలాగే జూన్‌లో ఒక సోదరుడి కుటుంబాన్ని బిల్డింగు ఖాళీ చేయించారు. ఆయన మన దగ్గరికి వచ్చాడు. కమిటీ వాళ్ళం సేటుతో మాట్లాడి కొత్త గది డిపాజిట్‌కు అడ్వాన్సు ఇప్పించాం. మంచి పని చేశామని సంతోషించాం. పిల్లలు బడికి పోతున్నారా అని ఒక్కరం అడగలేదు. దీపావళి బోనస్ మాటలకు ఆ కార్ఖానాకు పోతే, ఆయన కూతురు మూలన కూర్చుని కండెలు చుడుతోంది. ఏడో తరగతిలో ఉండాల్సిన పిల్ల. ఏమమ్మా ఇది అంటే వాళ్ళమ్మ ఇలా చెప్పింది:

"అన్నా, కొత్త బడికి పోయినం. పాత బడి ఎల్సీ తెమ్మన్నరు. పుట్టిన కాగితం తెమ్మన్నరు. ఈ గది అడ్రసు కాగితం తెమ్మన్నరు. గిన్నెలు బయటికి తెచ్చుకున్నం గని, పోరి సంచి, కాగితాలు అన్నీ సీలు వేసిన ఇంట్లనే ఉన్నయి. మూడుసార్లు తిరిగి ఊకున్నం."

మా దగ్గర జవాబు లేదు. ఐదు నెలలు పోయాయి. మరునాడు ముగ్గురం చట్టం కాపీ పట్టుకుని ఆ బడికి పోయాం. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. క్లర్కు చెప్పింది విన్నాడు, అంతే. చట్టం చదివి చూసి, పిల్లను మరునాడే రమ్మన్నాడు.

ఆ చట్టంలో ఏముందో అందరూ వినండి. దీని పేరు విద్యాహక్కు చట్టం. 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ళనుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు అని చెబుతుంది.

ఐదో సెక్షన్ చూడండి. పిల్ల ఏ కారణంచేతనైనా ఒక బడి వదిలి ఇంకో బడికి పోవలసి వస్తే, రాష్ట్రం లోపలైనా, బయటికైనా, పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి. ఇక్కడ మనం ఎల్సీ అనేది అదే. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకపోవడానికి వీల్లేదు. 2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగి, ఊరికి పోయి తిరిగి వచ్చిన కుటుంబాలు ఇది గుర్తుంచుకోవాలి.

పద్నాలుగో సెక్షన్ ప్రకారం వయసు రుజువు కాగితం లేదని చేర్చుకోకపోవడం చెల్లదు. పదిహేనో సెక్షన్ ప్రకారం ఆలస్యంగా వచ్చిందని తిప్పి పంపడం చెల్లదు. నాలుగో సెక్షన్ ప్రకారం మధ్యలో చదువు ఆగిన పిల్లను వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. తొమ్మిదో సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. వలస వచ్చిన కుటుంబాల పిల్లలను చేర్పించే బాధ్యత మున్సిపాలిటీలాంటి స్థానిక సంస్థదే. ఇక ఆధార్ కార్డు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండరాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

చట్టం ఇంత చెప్పినా పిల్ల కండెల దగ్గర ఎందుకు కూర్చుంది? చట్టం పుస్తకంలో ఉంది, తల్లి గేటు బయట ఉంది. మధ్యలో నిలబడవలసినవాళ్ళం మనం, అక్కడ లేము.

అక్కచెల్లెళ్ళకు ఇంకో భయం ఉంది. ఇల్లు లేదని బడిలో చెబితే పిల్లల్ని హోముకు తీసుకుపోతారేమో అని దాచిపెడతారు. 2015 బాలల న్యాయ చట్టంలో పిల్లల్ని పెంచే మొదటి బాధ్యత కుటుంబానిదేనని, సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గమని రాసి ఉంది. తల్లిదండ్రులు ఉండి, చూసుకుంటూ ఉంటే, గది లేదన్న ఒక్క కారణానికి భయపడి దాక్కోవద్దు. దాక్కుంటే సాయం చేసే టీచరుకు కూడా సంగతి తెలియదు. ఒకవేళ ఎవరూ లేకుండా ఒంటరిగా తిరిగే పిల్ల కనబడితే 1098కి ఫోన్ చేయండి.

ఆ పిల్ల సంగతి పూర్తి చేస్తాం. బడిలో చేరింది గానీ చదువుకునే చోటు లేదు. కార్ఖానా పక్క గది, రాత్రంతా సాంచాల మోత. ఇద్దరు సోదరులు ముందుకొచ్చి సాయంత్రం ఆరునుంచి తొమ్మిది దాకా ఈ ఆఫీసు తలుపు తీసి పెట్టారు. ఒక ట్యూబ్ లైటు, ఒక చాప. మొదట ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. ఇప్పుడు పదకొండుమంది వస్తున్నారు. ఆ పిల్ల ఈ జూన్‌లో పదో తరగతికి వస్తోంది.

చప్పట్లు కొట్టకండి. ఆ పిల్లకు ఒక అన్న ఉన్నాడు. ఇల్లు పోయినప్పుడు తొమ్మిదో తరగతి, పదిహేనేళ్ళు. పద్నాలుగు దాటినవాడు కాబట్టి ఆ చట్టం వాడికి పనికిరాలేదు. మేము పోయేసరికి సాంచా నేర్చుకుని కూలి తెస్తున్నాడు. ఇంట్లో ఆ డబ్బు అలవాటైంది. చెల్లెల్ని తెచ్చాం, అన్నను తేలేకపోయాం. ఓపెన్ స్కూలులో పదో తరగతి కట్టు నాయనా అని చెబుతూనే ఉన్నాం. పన్నెండు గంటల పాళీ చేసేవాడికి ఆ మాట చెప్పడం తేలిక. ఎనిమిది గంటల పాళీ కావాలని మనం అడగడం కూడా చదువు కోసమేనని ఆ పిల్లవాణ్ణి చూసి మాకు అర్థమైంది. జూన్‌లోనే అడిగి ఉంటే వాడు కూడా బడిలోనే ఉండేవాడేమో.

అందుకని కమిటీ కొన్ని నిర్ణయాలు మీ ముందు పెడుతోంది.

ఒకటి. ప్రతి ఇంటివారు పిల్లల ఎల్సీ, పుట్టిన కాగితం, మార్కుల కాగితం జిరాక్సు తీసి ఈ వారంలో ఆఫీసులో ఇవ్వండి. ఒక్కో కుటుంబానికి ఒక్కో ఫైలు ఉంటుంది. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఇల్లు ఖాళీ చేయమంటే గిన్నెలకన్నా ముందు బడి సంచి బయటికి తీయండి.

రెండు. ఎవరికి ఇల్లు పోయినా వారం లోపల ఆఫీసులో చెప్పాలి. ఇకనుంచి మేము అడిగే మొదటి మాట "పిల్లలు బడికి పోతున్నారా" అని. డిపాజిట్ మాట ఆ తర్వాత.

మూడు. ఏ బడి అయినా కాదంటే, తల్లి ఒంటరిగా తిరగకూడదు. మన ఇద్దరు మనుషులు వెంట పోతారు. టీచర్లతో తగువు పడొద్దు, మర్యాదగా చట్టం చూపండి. అప్పటికీ కాకపోతే అదే చట్టం ముప్పై రెండో సెక్షన్ కింద మున్సిపాలిటీకి రాతమూలకంగా ఫిర్యాదు ఇస్తాం. మూడు నెలల్లో వాళ్ళు తేల్చాలి.

నాలుగు. ఉత్తరాలకు అడ్రసు లేని పిల్లకు మన ఆఫీసు అడ్రసు వాడుకోవచ్చు. బడినుంచి కబురు ఇక్కడికి వస్తే మేము చేరుస్తాం.

ఐదు. కొత్త గది దూరమైనా, వీలైనంతవరకు సంవత్సరం మధ్యలో బడి మార్చవద్దు. ఆటో ఖర్చు భరించలేనివారికి యూనియన్ నిధినుంచి కొంత ఇద్దాం. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.

మున్సిపాలిటీకి మన డిమాండ్ కూడా ఉంది. బిల్డింగుకు నోటీసు అంటించే రోజునే అందులోని బడి పిల్లల జాబితా రాయాలి. ఖాళీ చేయించినవాళ్ళకు చోటు ఆ బడికి దగ్గరలో చూపాలి. సీలు వేసిన ఇంట్లోంచి పుస్తకాలు, కాగితాలు తెచ్చుకోవడానికి ఒక రోజు గడువివ్వాలి. సోమవారం ఈ వినతిపత్రంతో పోతున్నాం. రాత్రి పాళీ వాళ్ళు పదకొండు గంటలకు గేటు దగ్గర కలవండి.

కార్ఖానాలో పోగు తెగితే మనం ఏం చేస్తాం? సాంచా ఆపి, వెంటనే అతుకుతాం. తెగిన పోగు అలాగే వదిలి నేస్తే గుడ్డలో పగులు వస్తుంది, తర్వాత ఎంత చేసినా పోదు. పిల్ల బడి తెగినప్పుడు కూడా అంతే తొందరగా చెయ్యి పెట్టాలి.

ఇక రాత్రి పాళీ వాళ్ళు కదలండి. జిరాక్సు కాగితాలు మరిచిపోవద్దు.